హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్

హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ (1887 ఏప్రిల్ 15 - 1987 నవంబరు 9) బ్రిటిషు వైద్యుడు, ఏకకణ పరాన్నజీవుల (ప్రోటోజోవా) శాస్త్రవేత్త. భారత వైద్య సేవలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేశాడు. కాలా అజార్ వ్యాధి శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కాటు వలన మనిషికి సోకుతుందని నిరూపించిన బృందంలో ఇతడు ఒకడు. మలేరియా పరాన్నజీవి రక్తంలోకి ప్రవేశించడానికి ముందు కాలేయంలో పెరుగుతుందని 1948లో పి.సి.సి. గార్న్‌హామ్‌తో కలిసి కనుగొన్నాడు. ప్రపంచానికి ఇతడు ఈ రెండు పరిశోధనల ద్వారానే ఎక్కువగా తెలుసు.

తెలుగువారికి ఇతడితో మరొక సంబంధం ఉన్నది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు సంచాలకుడుగా ఉన్న కాలంలో, నెల్లూరు జిల్లా పల్లెలలో మనుషుల నడుములు బిగుసుకుపోయి వంగిపోవడానికి తాగునీటిలోని ఫ్లోరైడు కారణమని సహచరులతో కలిసి 1937లో ప్రకటించాడు. మనుషులలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించి భారతదేశంలో వెలువడిన తొలి శాస్త్రీయ నివేదికలు ఇవే. సూక్ష్మదర్శినిలో పరాన్నజీవులను వెదకడమే వృత్తిగా గల శాస్త్రవేత్త, జీవమే లేని ఒక పదార్థం నీటి ద్వారా చేసే హానిని బయటపెట్టడం ఈ పరిశోధనలోని విశేషం.

== బాల్యం, విద్యాభ్యాసం ==

షార్ట్ అప్పటి బ్రిటిషు ఇండియాలోని పంజాబులో జన్మించాడు. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి 1910లో పట్టభద్రుడయ్యాడు. అదే సంవత్సరంలో భారత వైద్య సేవకు ఎంపికై తాను పుట్టిన దేశానికి తిరిగివచ్చాడు.

ఆ రోజుల్లో భారత వైద్య సేవ ప్రధానంగా సైనిక సంస్థ. అందులో చేరిన వైద్యులు కొంతకాలం సైనిక దళాలతో ఉండి, తరువాత ఆసుపత్రులకు, జైళ్ళకు, ప్రయోగశాలలకు బదిలీ అయ్యేవారు. రోనాల్డ్ రాస్, లియొనార్డ్ రోజర్స్, చార్లెస్ డోనోవన్ వంటి ప్రసిద్ధ పరిశోధకులందరూ ఈ సేవకు చెందినవారే. షార్ట్ కూడా మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక వైద్యుడుగా పనిచేసి, తరువాత పరిశోధన వైపు మళ్ళాడు. వేట, చేపలు పట్టడం ఇతడికి ఇష్టమైన వినోదాలు.

== కాలా అజార్ పరిశోధన ==

కాలా అజార్ వ్యాధిలో విడవని జ్వరం వస్తుంది. ప్లీహం (బల్ల) బాగా పెరుగుతుంది. రోగి రక్తహీనతతో కృశించిపోతాడు. చికిత్స లేకపోతే మరణం దాదాపు తప్పదు. అస్సాం, బెంగాలు, బీహారు ప్రాంతాలలో ఈ వ్యాధి ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేసింది. దీనికి కారణమైన ఏకకణ పరాన్నజీవిని 1903లో విలియం లీష్మన్, మద్రాసులో పనిచేస్తున్న చార్లెస్ డోనోవన్ వేర్వేరుగా కనుగొన్నారు. అందువలన ఆ జీవికి లీష్మేనియా డోనోవానీ అని పేరు వచ్చింది. 1920 దశకంలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి తయారుచేసిన యూరియా స్టిబమైన్ మందు వేలాది ప్రాణాలను కాపాడింది. అయితే ఒక మనిషి నుండి మరొక మనిషికి వ్యాధి ఎలా చేరుతున్నదో మాత్రం తెలియలేదు.

ఈ సంగతి తేల్చడానికి ప్రభుత్వం కాలా అజార్ కమిషన్‌ను అస్సాంకు పంపింది. ఎస్.ఆర్. క్రిస్టోఫర్స్, పి.జె. బరాడ్‌లతో పాటు షార్ట్ అందులో సభ్యుడు. తరువాత ఇతడే కమిషన్‌కు సంచాలకుడయ్యాడు. ఈ వ్యాధి ఉన్న ప్రాంతాలలోనే ఫ్లెబోటమస్ అర్జెంటిపెస్ అనే శాండ్‌ఫ్లై కూడా ఉన్నదని జాన్ సింటన్ అంతకు ముందే గమనించాడు. రోగి రక్తం తాగిన ఆ ఈగలో పరాన్నజీవి పెరుగుతుందని 1924లో కలకత్తాలో నోల్స్, నేపియర్, స్మిత్‌లు చూపారు. కాని ఈగ కుట్టినప్పుడు ఆరోగ్యవంతునికి వ్యాధి సోకుతుందని నిరూపించడానికి చేసిన ప్రయత్నాలు ఏళ్ళ తరబడి విఫలమయ్యాయి.

రక్తం తాగిన తరువాత ఈగకు పండ్ల రసం వంటి తీపి ఆహారం ఇస్తే, దాని కడుపులో పరాన్నజీవులు విపరీతంగా పెరిగి గొంతు వరకు నిండుతాయని ఆర్.ఓ.ఏ. స్మిత్, అతడి సహచరులు కనుగొన్నారు. దీనితో చిక్కు వీడింది. 1942లో సి.ఎస్. స్వామినాథ్, షార్ట్, ఎల్.ఎ.పి. ఆండర్సన్‌లు స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషులపై ప్రయోగం చేసి, శాండ్‌ఫ్లై కాటు వలన కాలా అజార్ సోకుతుందని నిరూపించారు. వ్యాధిక్రిమి తెలిసిన 39 సంవత్సరాలకు అది ప్రయాణించే దారి తెలిసింది. ఇళ్ళలో, పశువుల కొట్టాలలో ఈగల మందు చల్లి వ్యాధిని అదుపు చేసే పద్ధతికి ఈ పరిశోధనే ఆధారం.

== కింగ్ ఇన్‌స్టిట్యూట్ ==

1930 దశకం మధ్యలో షార్ట్ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు సంచాలకుడుగా వచ్చాడు. మద్రాసు రాష్ట్ర పారిశుధ్య కమిషనరుగా పనిచేసిన డబ్ల్యు.జి. కింగ్ పేరు మీద వెలసిన ఈ సంస్థ 1905 నుండి పనిచేస్తున్నది. మశూచి టీకా మందు తయారీతో మొదలై, క్రమంగా రాష్ట్రమంతటికీ ప్రధాన ప్రజారోగ్య ప్రయోగశాలగా ఎదిగింది. నాటి మద్రాసు రాష్ట్రంలో కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవి కనుక, తెలుగు జిల్లాల నుండి రక్త నమూనాలు, నీటి నమూనాలు ఇక్కడికే వెళ్ళేవి.

ఈ సంస్థ ముఖ్య విధుల్లో తాగునీటి పరీక్ష ఒకటి. కలరా, సన్నిపాత జ్వరం, విరేచనాలు నీటి ద్వారా వ్యాపిస్తాయని అప్పటికే తెలుసు. నీటిలో మలసంబంధమైన బాక్టీరియా ఉన్నదా లేదా అని చూడటం పరీక్షలో ప్రధాన భాగం. ఉప్పు, గట్టిదనం వంటి రసాయన గుణాలను కూడా పరీక్షించేవారు. టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఇక్కడ నీటి విశ్లేషణలో అనుభవం గడించిన శాస్త్రజ్ఞుడు. సి.జి. పండిట్ మరొక ముఖ్య పరిశోధకుడు. ఇతడే తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి తొలి సంచాలకుడయ్యాడు.

== నెల్లూరు మెట్ట ప్రాంతం ==

అప్పటి నెల్లూరు జిల్లాలో రెండు భిన్నమైన భాగాలుండేవి. తూర్పున పెన్నా నది నీటితో పండే మాగాణి భూములు, సముద్రతీరం ఉన్నాయి. పడమటి భాగం మెట్ట. ఉదయగిరి, ఆత్మకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఈ మెట్టలోనివే. పడమటి సరిహద్దున వెలికొండలు గోడలాగా నిలిచి ఉంటాయి. వర్షం తక్కువ. అదికూడా ఏటేటా సరిగా కురవదు. చెరువులు నిండిన ఏడు నీరు ఉంటుంది, నిండని ఏడు బావులే దిక్కు. సజ్జ, జొన్న, వరిగ వంటి మెట్టపంటల మీద, పశువుల మీద ఆధారపడి ఇక్కడి రైతులు బ్రతికేవారు.

ఈ ప్రాంతపు భూగర్భంలో ప్రాచీనమైన గట్టి రాళ్ళు ఉన్నాయి. నెల్లూరు అభ్రకం (మైకా) ప్రపంచ ప్రసిద్ధమైనది. నల్ల అభ్రకం, అపటైట్, ఫ్లోరైటు వంటి కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ మూలకం కలిసి ఉంటుంది. భూమిలోకి ఇంకిన నీరు ఈ రాళ్ళ పగుళ్ళలో చాలాకాలం నిలిచినప్పుడు ఫ్లోరైడు కొద్ది కొద్దిగా నీటిలో కరుగుతుంది. నీటిలో సున్నపు అంశం తక్కువై, క్షారగుణం ఎక్కువైతే మరింత కరుగుతుంది. వర్షం తక్కువైన చోట భూగర్భజలం త్వరగా మారదు కనుక ఈ అంశం పెరుగుతూ పోతుంది. అందువలన ఒకే ఊరిలో ఒక బావి నీరు మంచిదై, పక్క బావి నీరు హానికరం కావచ్చు.

ఈ నీరు చూడటానికి తేటగా ఉంటుంది. వాసన ఉండదు. ఫ్లోరైడు ఉన్నదని రుచిని బట్టి చెప్పడం సాధ్యం కాదు. కలరాతో చనిపోయినవారు కొద్ది రోజుల్లోనే కనబడతారు కనుక బావి మీద అనుమానం వస్తుంది. ఫ్లోరైడు అలా కాదు. అది ముప్పై నలభై సంవత్సరాలలో మెల్లగా మనిషిని వంచుతుంది. చిన్ననాటి నుండి అదే నీరు తాగిన తండ్రి, తాత అందరూ అలాగే వంగి ఉంటే, దానిని వ్యాధి అనుకోవడమే కష్టం.

== ఫ్లోరోసిస్ గుర్తింపు ==

1930 దశకం ఆరంభంలో తెలుగు ప్రాంతాలలో కొన్నిచోట్ల ఎద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడం రైతుల దృష్టికి వచ్చింది. దుక్కి దున్నే ఎద్దు కూలబడితే రైతు కుటుంబానికి జీవనాధారమే పోతుంది. హైదరాబాదు సంస్థానంలోను, మద్రాసు రాష్ట్రంలోను పశువైద్యులు ఈ వ్యాధిని పరిశీలించి నివేదికలు వ్రాశారు. పశువులకు వచ్చిన బాధే మనుషులకూ ఉన్నదని తరువాత బయటపడింది.

1931లోనే అమెరికాలోను, ఇతర దేశాలలోను పండ్ల మీద గోధుమరంగు చారలు రావడానికి తాగునీటిలోని ఫ్లోరైడు కారణమని తెలిసింది. 1932లో డెన్మార్కులో క్రయోలైట్ ఖనిజపు ధూళి పీల్చిన కార్మికుల ఎముకలు అసాధారణంగా గట్టిపడినట్లు ఎక్స్-రే చిత్రాలలో కనబడింది. అయితే ఏ కర్మాగారమూ లేని పల్లెలలో, కేవలం బావినీరు తాగినందువలన మనుషుల ఎముకలు ఇంతగా దెబ్బతింటాయని అప్పటికి స్పష్టంగా తెలియదు.

నెల్లూరు జిల్లా రోగులపై జరిగిన పరిశోధనలో మూడు రకాల నైపుణ్యాలు కలిశాయి. మద్రాసు వైద్యకళాశాలకు చెందిన వైద్యుడు జి.ఆర్. మెక్‌రాబర్ట్, ఎ.ఎస్. మన్నాడి నాయర్‌లు రోగ లక్షణాలను పరిశీలించారు. మద్రాసులో రేడియాలజీకి ఆద్యుడైన టి.డబ్ల్యు. బర్నార్డ్ ఎక్స్-రే పరీక్షలు చూశాడు. కింగ్ ఇన్‌స్టిట్యూట్ నీటి పరీక్షలు జరిపింది. షార్ట్ ఈ పనులన్నింటినీ ఒకచోట చేర్చాడు. 1937లో రెండు వ్యాసాలు వెలువడ్డాయి. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్‌ల వ్యాసం ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ పత్రికలోను, షార్ట్, పండిట్, రాఘవాచారిల వ్యాసం ఇండియన్ మెడికల్ గెజిట్ పత్రికలోను ప్రచురించబడ్డాయి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఈ వ్యాధికి కేంద్రాలుగా వైద్యచరిత్రలో నిలిచిపోయాయి.

వ్యాధి క్రమం ఇలా ఉంటుంది. పిల్లలకు పాలపండ్లు ఊడి వచ్చే పండ్ల మీద సుద్దలాంటి తెల్లని మచ్చలు, తరువాత పసుపు, గోధుమ రంగు చారలు ఏర్పడతాయి. పంటి పింగాణీ పొర తయారయ్యే వయసులో తాగిన నీరు దీనికి కారణం. యౌవనంలో పెద్దగా బాధ తెలియదు. నడివయసు వచ్చేసరికి కాళ్ళు చేతుల తిమ్మిర్లు, నడుము నొప్పి మొదలవుతాయి. తరువాత వెన్నెముక బిగుసుకుంటుంది. మెడ తిప్పడం, నేల మీద కూర్చోవడం, కూర్చున్నవారు లేవడం కష్టమవుతుంది. ముదిరిన దశలో వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోతాయి.

ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ అంశం స్థానంలో ఫ్లోరైడు చేరుతుంది. ఎముక దళసరి అవుతుంది కాని దాని సహజమైన అల్లిక చెడిపోతుంది. ఎముకలను కలిపే స్నాయువులలో సున్నం పేరుకొని అవి కూడా ఎముకవలె గట్టిపడతాయి. అందువలననే ఎక్స్-రే చిత్రంలో వెన్నెముక సుద్దముక్కవలె తెల్లగా, వెన్నుపూసలన్నీ ఒకటిగా అతికినట్లు కనిపిస్తుంది. ఒకసారి ఈ స్థితి వచ్చిన తరువాత దానిని వెనుకకు మరల్చే మందు లేదు. నివారణ ఒక్కటే మార్గం.

ఈ పరిశోధన షార్ట్ మద్రాసు విడిచిన తరువాత కూడా సాగింది. 1940లో పండిట్, రాఘవాచారి, మరి ఇద్దరు సహచరులు దక్షిణ భారతదేశంలోని ఫ్లోరోసిస్‌పై విస్తృతమైన వ్యాసం ప్రకటించారు. ఫ్లోరైడు మోతాదుతో పాటు పోషకాహార లోపం, ప్రత్యేకించి సి విటమిను లోపం వ్యాధి తీవ్రతను పెంచుతుందని అందులో చూపారు. ఒకే బావి నీరు తాగేవారిలో కూడా పేదలే ఎక్కువగా వంగిపోవడానికి కారణం ఇందువలన కొంత అర్థమైంది. 1945లో హైదరాబాదు సంస్థానంలోని ఫ్లోరోసిస్ గురించి ఎం.బి. దావర్ వ్రాసిన వ్యాసం ప్రచురితమైంది. నల్లగొండ జిల్లా పేరు తరువాతి కాలంలో ఈ వ్యాధికి పర్యాయపదంగా మారినా, తొలి నివేదికలు వెలువడినది నెల్లూరు జిల్లా నుండే.

== మలేరియా పరిశోధన ==

మద్రాసు తరువాత షార్ట్ మళ్ళీ అస్సాంలో ఉన్నత వైద్య పదవులు నిర్వహించి, కర్నల్ హోదాలో సర్వీసు ముగించాడు. అనంతరం లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో వైద్య ప్రోటోజోవా శాస్త్ర ఆచార్యుడయ్యాడు. అక్కడ ఇతడి జీవితంలోని అతి ముఖ్యమైన పరిశోధన జరిగింది.

1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దోమ కుట్టినప్పుడు పరాన్నజీవి మనిషి శరీరంలోకి వస్తుందని తరువాత రుజువైంది. కాని దోమ కుట్టిన తరువాత ఆరేడు రోజుల పాటు రక్తంలో ఏమీ కనబడదు. ఆ రోజుల్లో పరాన్నజీవి ఎక్కడ దాగి ఉంటుంది అన్నది అర్ధశతాబ్దం పాటు ప్రశ్నగానే మిగిలింది. దోమ నుండి వచ్చిన జీవి నేరుగా ఎర్రరక్తకణంలోకి దూరుతుందని 1903లో ఫ్రిట్జ్ షాడిన్ ప్రకటించడంతో చాలామంది ఆ దారినే నమ్మారు.

షార్ట్, గార్న్‌హామ్‌లు కోతులకు వచ్చే ప్లాస్మోడియం సైనోమోల్గీ అనే మలేరియా జాతిని ఎంచుకున్నారు. ఒక రీసస్ కోతిని సుమారు 500 దోమల చేత కుట్టించారు. ఏడవ రోజున దాని అవయవాలను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. కాలేయ కణాలలో పరాన్నజీవులు గుంపులుగా పెరుగుతూ కనిపించాయి. 1948లో నేచర్ పత్రికలో ఈ విషయం వెలువడింది. అదే సంవత్సరంలో మనుషులకు వచ్చే వైవాక్స్ మలేరియాలోను, మరుసటి సంవత్సరం ఫాల్సిపారం మలేరియాలోను కాలేయ దశను షార్ట్ బృందం చూపింది.

దీనివలన మలేరియా పరాన్నజీవి జీవితచక్రంలోని ఖాళీ పూరించబడింది. రక్తంలోని క్రిములను చంపే మందులు వాడినా వైవాక్స్ మలేరియా మళ్ళీ మళ్ళీ తిరగబెట్టడానికి కాలేయమే కారణమై ఉండాలన్న భావనకు బలం చేకూరింది. కాలేయంలో నిద్రాణంగా ఉండే రూపాలను 1980 దశకపు తొలినాళ్ళలో ఇతర పరిశోధకులు గుర్తించారు. కాలేయ దశపై పనిచేసే ప్రైమాక్విన్ వంటి మందులు మలేరియా నిర్మూలన కార్యక్రమాలలో అందుకే ముఖ్యమైనవి.

== తాగునీటి పరీక్షలో రెండు మార్గాలు ==

షార్ట్ పరిశోధించిన కాలా అజార్, మలేరియా పరాన్నజీవులు కీటకాల ద్వారా వచ్చేవి. అదే ప్రోటోజోవా వర్గానికి చెందిన మరికొన్ని జీవులు తాగునీటి ద్వారానే వస్తాయి. రక్త విరేచనాలకు కారణమయ్యే ఎంటమీబా హిస్టోలిటికా, దీర్ఘకాలం విరేచనాలు కలిగించే జియార్డియా, క్రిప్టోస్పోరిడియం వీటిలో ముఖ్యమైనవి. ఇవి మలం ద్వారా బయటకు వచ్చి, గట్టి తొడుగు గల కోశాలుగా నీటిలో చాలాకాలం బ్రతుకుతాయి. క్రిప్టోస్పోరిడియం కోశాలను మామూలు మోతాదులో వేసే క్లోరిన్ చంపలేదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధిచేసిన కుళాయి నీటి ద్వారానే ఈ జీవి వ్యాపించి సుమారు 4 లక్షల మంది జబ్బుపడినట్లు అంచనా వేశారు. బాక్టీరియా పరీక్షలో నీరు మంచిదని తేలినంత మాత్రాన పరాన్నజీవులు లేవని చెప్పలేమని ఈ సంఘటన చాటింది.

ఆ తరువాత పరాన్నజీవుల కోసమే ప్రత్యేక పరీక్షలు చట్టబద్ధమయ్యాయి. ఇంగ్లండు, వేల్సులలో 1999 నిబంధనలు ప్రమాదం గల నీటిశుద్ధి కేంద్రాలలో క్రిప్టోస్పోరిడియం కోసం నిరంతర పరీక్షను తప్పనిసరి చేశాయి. అమెరికాలో 2006 నాటి నియమం నదులు, జలాశయాల నీటిని వాడే పెద్ద సరఫరా సంస్థలు రెండు సంవత్సరాల పాటు నెలనెలా మూల జలాన్ని పరీక్షించి, ఫలితాన్ని బట్టి శుద్ధిని పెంచుకోవాలని విధించింది. ఈ పరీక్షలో పది లీటర్లు లేదా అంతకంటే ఎక్కువ నీటిని సన్నని వడపోతగుండా పంపి, మిగిలిన మడ్డి నుండి కోశాలను అయస్కాంతపు పూసల సహాయంతో వేరుచేసి, వెలుగునిచ్చే రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో లెక్కిస్తారు. భారత తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 కూడా తాగునీరు పరాన్నజీవులు లేనిదై ఉండాలని చెబుతున్నది.

ఫ్లోరైడు విషయం దీనికి భిన్నమైనది. నీటిని మరిగిస్తే పరాన్నజీవులు చస్తాయి. ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. గుడ్డతో వడకట్టినా, బ్లీచింగు పొడి కలిపినా ఫ్లోరైడు తగ్గదు. అందువలన క్రిముల దృష్టితో సురక్షితమైన లోతైన బోరుబావి నీరు, ఫ్లోరైడు దృష్టితో ప్రమాదకరం కావచ్చు. తెలుగు జిల్లాలలో 1970 దశకం తరువాత చెరువులు, దిగుడుబావుల బదులు చేతిపంపులు విస్తరించినప్పుడు విరేచనాల బెడద తగ్గిన కొన్ని ఊళ్ళలో ఫ్లోరైడు బెడద పెరగడానికి కారణం ఇదే. ఒక హానికి చేసిన పరీక్ష మరొక హాని గురించి ఏమీ చెప్పదు. ప్రతి హానికి దాని పరీక్ష దానికి ఉండవలసిందే.

ఫ్లోరైడుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారత ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటివనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉన్నది. ఎండలో పనిచేసి రోజుకు చాలా లీటర్లు తాగే కూలీల శరీరంలోకి, చల్లని దేశాలవారి కంటే ఎక్కువ ఫ్లోరైడు చేరుతుంది కనుక పరిమితి తక్కువగా ఉండటం అవసరం.

== నెల్లూరు జిల్లాలో తరువాతి పరిణామాలు ==

1970లో కొత్త జిల్లా (తరువాత ప్రకాశం జిల్లాగా పేరు మార్చబడినది) ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుండి విడిపోయాయి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనే ఉండిపోయాయి. ఫ్లోరైడు మాత్రం జిల్లా సరిహద్దులను పాటించలేదు. ఉదయగిరి పరిసరాల భూగర్భజలాలను పరీక్షించిన భూశాస్త్రజ్ఞులు పరిమితికి మించిన ఫ్లోరైడును తరువాతి దశాబ్దాలలో కూడా గుర్తించారు.

నీటి నుండి ఫ్లోరైడు తొలగించడానికి పటిక, సున్నం, బ్లీచింగు పొడి ఉపయోగించే నల్లగొండ పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. ఉత్తేజిత అల్యూమినా, పొరల ద్వారా శుద్ధిచేసే యంత్రాలు తరువాత వచ్చాయి. ఈ సాధనాలు అన్నిటికీ క్రమం తప్పని నిర్వహణ అవసరం. అది లోపించిన చోట శుద్ధియంత్రం ఉన్నా నీరు శుద్ధం కాదు. ఫ్లోరైడు తక్కువగా ఉండే నది, జలాశయాల నీటిని గొట్టాల ద్వారా తేవడం శాశ్వత పరిష్కారమని భావిస్తారు. ఆత్మకూరు సమీపంలో పెన్నా నదిపై కట్టిన సోమశిల జలాశయం అటువంటి వనరు. అయితే నదీజలానికి మారినప్పుడు ఫ్లోరైడు భయం తగ్గినా, మురుగు, పశువుల పేడ కలిసే అవకాశం వలన క్రిములు, పరాన్నజీవుల పరీక్ష మళ్ళీ ముఖ్యమవుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం ప్రారంభించినప్పుడు తొలి విడతగా తీసుకున్న కొద్ది జిల్లాలలో నెల్లూరు ఒకటి. షార్ట్ బృందం నివేదికలు వెలువడి అప్పటికి 71 సంవత్సరాలు గడిచాయి. బడిపిల్లల పండ్లను పరీక్షించడం, వారి మూత్రంలోను, ఊరి నీటిలోను ఫ్లోరైడును కొలవడం ఈ కార్యక్రమంలో భాగాలు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు చిన్న పరీక్షాపేటికలతో తమ ఊరి నీటిని తామే పరీక్షించుకోవడంలో శిక్షణ ఇచ్చే పద్ధతి పెట్టారు. ఒకప్పుడు సీసాలో గిండీకి వెళ్ళిన నీటిని బావి గట్టుమీదనే పరీక్షించే అవకాశం దీనితో ఏర్పడింది.

== గౌరవాలు ==

* 1941లో కంపానియన్ ఆఫ్ ది ఇండియన్ ఎంపైర్ (సి.ఐ.ఇ.) బిరుదు.
* 1949 నుండి 1951 వరకు రాయల్ సొసైటీ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ అండ్ హైజీన్ అధ్యక్ష పదవి.
* 1950లో రాయల్ సొసైటీ సభ్యత్వం.
* 1951లో మలేరియా పరిశోధనకు గార్న్‌హామ్‌తో కలిసి డార్లింగ్ పతకం.
* 1959లో మాన్సన్ పతకం.

== చివరి జీవితం ==

షార్ట్ 1951లో ఆచార్య పదవి నుండి విరమించినా పరిశోధన విడువలేదు. కుక్కలలో జ్వరం కలిగించే బబేసియా కానిస్ అనే పరాన్నజీవి జీవితచక్రం గురించి ఇతడి వ్యాసం 1973లో వెలువడింది. ఆ సంవత్సరంలో ఇతడికి 86 సంవత్సరాలు నిండాయి. నూరేళ్ళు నిండిన కొన్ని నెలలకు 1987 నవంబరు 9న మరణించాడు.

కాలా అజార్‌లో ఈగ గొంతులో, మలేరియాలో కాలేయ కణంలో, నెల్లూరు మెట్టలో తేటనీటిలో - ఇతడు వెదకినవన్నీ కంటికి కనిపించని చోట దాగినవే. మొదటి రెండూ పాఠ్యపుస్తకాలలో చేరాయి. మూడవది నెల్లూరు, ప్రకాశం, నల్లగొండ జిల్లాల వంటి ప్రాంతాలలో ప్రతి కొత్త బోరుబావికీ వర్తిస్తూనే ఉన్నది. ఆ నీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో పిల్లలు తాగక ముందే కొలిచి చూడకపోతే, దాని ఫలితం ముప్పై ఏళ్ళ తరువాత వారి నడుములలో కనబడుతుంది.